డాక్టరు గారూ, వేరే జబ్బు మందు మాకు రాసేటప్పుడు ఆ మాట మాకు చెప్పండి

శ్రీకాకుళం జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లందరికీ, మందుల షాపుల్లో పొద్దస్తమానం కౌంటర్ దగ్గర నిలబడే అన్నలకీ తమ్ముళ్ళకీ నమస్కారం.

నేను ఉద్దానంలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. వయసు 31. నాకున్న జబ్బుని పాట్స్ అంటారు, పూర్తి పేరు పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్. మన ప్రమేయం లేకుండానే గుండెనీ బీపీనీ చెమటనీ అరుగుదలనీ చూసుకునే నరాల వ్యవస్థ ఒకటుంది కదా, అటానమిక్ వ్యవస్థ అని, అది గాడి తప్పితే వచ్చే జబ్బుల్లో ఇదొకటి. ఈ జబ్బుకని అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఇంతవరకు ఒక్క మందుకి కూడా అనుమతి ఇవ్వలేదు. అంటే మాలాంటి వాళ్ళకి మీరు ఏ మాత్ర రాసినా అది వేరే ఏదో జబ్బు కోసం తయారైన మాత్రే. ఆఫ్ లేబుల్ అంటారట దీన్ని. నాకు ఆ మాట తెలిసేసరికి అలాంటి మందులు రెండు రాయించుకుని, ఒకటి మింగి ఒకసారి ఆసుపత్రికి, ఇంకోటి భయపడి మింగక ఒకసారి కుట్లు వేయించుకోవడానికి వెళ్ళొచ్చాను.

అలాంటి మందులు రాయొద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. రాయండి. నేను ఇవాళ నిలబడి పాఠం చెబుతున్నానంటే అలాంటి మందు వల్లే. కానీ రాసేటప్పుడు ఆ సంగతి మాకు నోటితో చెప్పండి, చీటీ మీద తెలుగులో ఒక్క ముక్క రాయండి. నేను అడిగేది ఇదే.

2021లో నాకు కరోనా వచ్చి తగ్గింది. ఆక్సిజన్ దాకా వెళ్ళలేదు, ఇంట్లోనే ఉన్నాను. తగ్గిన నెలన్నరకి ఇది మొదలైంది. మంచం మీంచి లేచి వంటింట్లోకి వెళ్ళేలోపే గుండె దడదడా కొట్టుకోవడం, కాళ్ళు వణకడం, కళ్ళు బైర్లు కమ్మడం. మళ్ళీ పడుకుంటే కాసేపటికి అంతా మామూలే. బోర్డు మీద ఇండియా మ్యాపు గీస్తూ గుజరాత్ దగ్గరికి వచ్చేసరికి చాక్‌పీసు వదిలేసి బల్ల పట్టుకునేదాన్ని, పిల్లలు వెనకాల గుసగుసలాడుకునేవారు. ఒక రథసప్తమికి అరసవల్లి క్యూలో నిలబడి నిలబడి పడిపోతే, పొద్దుట్నుంచీ ఏమీ తిననట్టుంది పాపం అని ఎవరో అరటిపండు చేతిలో పెట్టారు. నేను తినే వెళ్ళాను.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనుషులం కాబట్టి ఇంట్లో అందరికీ మొదట కలిగిన భయం కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఈ చుట్టుపక్కల ఎవరికి నీరసమన్నా ముందు కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష, క్రియాటినిన్, చేయిస్తాం. నాదీ చేయించారు, 0.8 వచ్చింది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్, అన్నీ బాగున్నాయి. అన్నీ బాగుండటమే నా పాలిట శాపమైంది. ఒకచోట టెన్షన్ అన్నారు, ఇంకోచోట నిద్రమాత్రలు ఇచ్చారు. మా అత్తను పక్కకి పిలిచి ఒక పిల్లో పిల్లాడో పుడితే అన్నీ సర్దుకుంటాయమ్మా అని చెప్పిన పెద్ద డాక్టరు ఒకరున్నారు, ఆ మాట నేను గుమ్మం ఇవతల నిలబడి విన్నాను. నిలబడలేకే కదా ఆయన దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళు ఇలా గడిచాయి.

చివరికి విశాఖపట్నంలో ఒక న్యూరాలజిస్టు నా జబ్బేంటో పట్టుకున్నారు. అందుకు ఆయన వాడింది గోడ గడియారం, మామూలు బీపీ మిషను, అంతే. నన్ను బల్ల మీద పది నిమిషాలు కదలకుండా పడుకోమన్నారు. నాడి 76, బీపీ 110/70. తర్వాత లేచి, గోడకి ఆనుకోకుండా, మాట్లాడకుండా నిలబడమన్నారు. మొదటి నిమిషంలో నాడి 98. మూడో నిమిషానికి 112. ఐదో నిమిషంలో నా పాదాలు వంగపండు రంగుకి తిరగడం నర్సమ్మ చూసి చూపించింది, అప్పటిదాకా నేనెప్పుడూ నా పాదాలు చూసుకోలేదు. పదో నిమిషానికి 124, బీపీ మాత్రం అలాగే ఉంది. ఆయన కాగితం మీద నాలుగు అంకెలూ వరసగా రాసి, ఇది మీ ఊహ కాదమ్మా అన్నారు. నేను అక్కడే ఏడ్చేశాను.

ఈ లెక్క మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. పడుకున్నప్పటి కంటే నిలబడిన పది నిమిషాల్లోపు నాడి 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగి అలాగే ఉండాలి, 12 నుంచి 19 ఏళ్ళ పిల్లలకైతే 40 పెరగాలి, బీపీ పెద్దగా పడిపోకూడదు, ఈ బాధలు కనీసం మూడు నెలలుగా ఉండాలి, రక్తం తక్కువ, థైరాయిడ్, ఒంట్లో నీరు తగ్గడం లాంటి వేరే కారణం ఉండకూడదు. నిలబడగానే ఎవరికైనా అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ దిగుతుంది, నరాలు రక్తనాళాలని బిగించి దాన్ని పైకి పంపాలి. మాకు ఆ బిగింపు సరిగా జరగక గుండె పరుగెత్తి సర్దుకుంటుంది. కొందరిలో అడ్రినలిన్ లాంటివి ఎక్కువవుతాయి, కొందరిలో అసలు రక్తమే తక్కువ పరిమాణంలో ఉంటుంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 1993లో దీనికి ఈ పేరు పెట్టారు. ముప్పై ఏళ్ళు దాటింది. పది నిమిషాలు నిలబెట్టి చూసే పరీక్ష మా మండలంలో నాకు ఒక్కరూ చేయలేదు.

ఇక మందుల సంగతి.

మొదట రాసింది ప్రొప్రనాలాల్, బీపీకీ గుండెనొప్పికీ వాడే మందు. రాసినాయన మంచి డాక్టరే, ఆ రోజు ఓపీలో నా వెనకాల ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, అదీ నాకు తెలుసు. రోజుకి రెండుసార్లు వేసుకోమన్నారు, నెల తర్వాత రమ్మన్నారు. ఈ మందు ఎందుకు పుట్టిందో, నాకెందుకు ఇస్తున్నారో, ఏం జరిగితే ఆపేయాలో చెప్పలేదు. నాకు చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవని ఆయన అడగలేదు, అడిగి ఉండాల్సిన మాట అని నాకు తెలియదు కాబట్టి నేనూ చెప్పలేదు. మూడో రోజు రాత్రి ఊపిరి ఆడక, మా ఆయన బండి మీద కూర్చోబెట్టుకుని పలాస తీసుకెళ్తే నెబులైజర్ పెట్టారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఆ మందు పడదని అక్కడి డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. ఉబ్బసం ఉందా అని ముందే ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ రాత్రి ఉండేది కాదు.

ఆ మందు చెడ్డదని కాదు. ఆస్తమా లేని పాట్స్ వాళ్ళలో కొందరికి అది బాగా పనిచేస్తుంది, అదీ చిన్న డోసులో. 2009లో అమెరికాలో 54 మంది మీద చేసిన పరీక్షలో 20 మిల్లీగ్రాములకి నాడీ తగ్గింది, బాధా తగ్గింది. అందులోనే కొందరికి 80 ఇచ్చి చూస్తే నాడి ఇంకా తగ్గింది కానీ మనిషికి సుఖం రాలేదు. దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మా నాడి అంకె తగ్గితే మీకు సంతోషంగా ఉంటుంది, కానీ మాకు కావాల్సింది అన్నం వండుకునేంతసేపు నిలబడగలగడం.

రెండోది ఇవాబ్రాడిన్. దీని దగ్గరే అసలు కథ.

చీటీ పట్టుకుని మా అమ్మతో కలిసి మందుల షాపుకి వెళ్ళాను. ఆ షాపు తమ్ముడు ఒకప్పుడు మా స్కూల్లోనే చదివాడు, మంచి కుర్రాడు. స్ట్రిప్పు తీసి, కత్తెర పెట్టి కోయబోతూ ఆగాడు. "ఎవరికి టీచరమ్మా ఇది?" అన్నాడు. నాకే అన్నాను. "మీకా? ఇది గుండె ఫెయిలైపోయినోలకి ఇస్తారండి. మీ మావగారికేమో అనుకున్నాను." కత్తెర అలాగే స్ట్రిప్పు మీద ఉంది. మా అమ్మ నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "గుండె ఫెయిలేటే? నాకు సెప్పకుండా ఎన్నాల్నుంచి దాస్తన్నావే?" అని రోడ్డు మీదే శోకం మొదలెట్టింది. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ఆ మందుకి యూరప్‌లో 2005లో గుండెనొప్పికి, అమెరికాలో 2015లో హార్ట్ ఫెయిల్యూర్‌కి అనుమతి వచ్చింది. అతనికి తెలిసిన మాట అతను చెప్పాడు. డాక్టరు చెప్పాల్సిన మాట చెప్పలేదు కాబట్టి అతని మాటే మాకు మిగిలింది.

ఇంటికెళ్ళాక అమ్మ స్ట్రిప్పు బీరువాలో పెట్టి తాళం వేసింది. నాకూ భయం వేసింది, అబద్ధమెందుకు. పదకొండు రోజులు వేసుకోలేదు. పదకొండో రోజు పొద్దున్న స్నానాల గదిలో పడిపోతే గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. అప్పుడు మా ఆయన డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆయన ఐదు నిమిషాలు మాట్లాడారు. గుండెలో లయని పుట్టించే చోట ఒక చిన్న కణాల గుంపు ఉంటుందమ్మా, ఈ మందు అక్కడ వేగాన్ని మాత్రం తగ్గిస్తుంది, బీపీని పెద్దగా తగ్గించదు, ఊపిరితిత్తుల జోలికి పోదు, అందుకే మీకు ఇది రాశాను, మీ గుండె బాగానే ఉంది అన్నారు. అమ్మ ఫోను స్పీకర్లో పెట్టించుకుని విని, బీరువా తాళం నా చేతికిచ్చింది. ఆ ఐదు నిమిషాలు మొదటి రోజే దొరికి ఉంటే నా గడ్డం కింద ఈ గీత ఉండేది కాదు.

అయినా అన్నీ చెప్పలేదు. సాయంత్రం పూట బస్సు లైట్లు ఎదురొస్తే కంటి చివర్లో మెరుపులు మెరిసినట్టు కనబడటం మొదలైంది, కళ్ళు పోతాయేమో అనుకున్నాను. ఆ మందుకి అది మామూలేనట, గుండె కణాల్లో ఈ మందు మూసే సన్నని ద్వారాల లాంటివే కంటి వెనకా ఉంటాయట, చాలామందికి తగ్గిపోతుంది. నాకూ తగ్గింది. కానీ ఇంకో రెండు విషయాలు నేనే వెతుక్కుని తెలుసుకున్నాను, అవి చిన్నవి కావు. ఒకటి, కడుపుతో ఉన్నవాళ్ళు ఈ మందు వాడకూడదు. పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్నదాన్ని నేను. ఎవరూ అడగలేదు. పాట్స్ ఎక్కువగా వచ్చేదే మా వయసు ఆడవాళ్ళకి, ఆ ప్రశ్న వేయకుండా ఈ మందు రాయడం ఎలా కుదురుతుందండీ?

రెండోది తామర. మన సముద్రం పక్క ఉక్కకి తామర రాని ఇల్లుండదు, షాపులో అడిగితే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్సు చీటీ లేకుండా ఇచ్చేస్తారు. ఇవాబ్రాడిన్ వేసుకునేవాళ్ళు ఇట్రాకొనజోల్ వేసుకోకూడదు, కలిపితే ఒంట్లో ఇవాబ్రాడిన్ మోతాదు బాగా పెరిగిపోయి గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. గొంతు నొప్పికి ఇచ్చే క్లారిత్రోమైసిన్‌తో కూడా అంతే. షాపుల్లో ఉన్న తమ్ముళ్ళూ, ఈ ముక్క మీ కోసం. నన్ను చూసి మందెవరికని అడిగావు చూడు, ఆ ప్రశ్న తామర మందు ఇచ్చేటప్పుడు అడుగు. ఇంకేం మందులు వాడుతున్నారని అడుగు.

ఉప్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఉద్దానం. మందుల కంటే ముందు మాకు చెప్పేది రోజుకి రెండు మూడు లీటర్ల నీళ్ళు, బాగా ఉప్పు, కొందరికి పది గ్రాముల దాకా. ఒంట్లో రక్తం పరిమాణం పెరగాలని. మా ఇంట్లో మావయ్యకి వారానికి మూడుసార్లు డయాలసిస్. వంటింటి గట్టు మీద రెండు ఉప్పు డబ్బాలుంటాయి, ఎర్ర మూత నాది, తెల్ల మూత ఇంట్లో మిగతా అందరిదీ. మావయ్యకి ఉప్పూ వద్దు, నీళ్ళూ కొలతే, పెరట్లో పదహారు కొబ్బరి చెట్లున్నా పొటాషియం వల్ల ఒక్క బొండాం ముట్టుకోకూడదు. నేను ఆయన ఎదురుగా కూర్చుని గంజిలో ఉప్పు కలుపుకుని తాగుతాను, ఎండు చేపల పులుసు రెండోసారి వేసుకుంటాను. ఆయన నా గిన్నె వైపు చూడకుండా తింటారు. అలవాటైపోయిందని అంటారు గానీ నాకు అలవాటు కాలేదు. అందుకే అడుగుతున్నాను, ఈ మండలాల్లో ఎవరికైనా ఉప్పు పెంచమని చెప్పేముందు క్రియాటినిన్, బీపీ చూడండి. నాకు ఉప్పు చెప్పినప్పుడు పాత రిపోర్టు చూపించమని ఎవరూ అనలేదు, నేనే తీసి బల్ల మీద పెట్టాను.

కిడ్నీ సంగతి మందులకీ వర్తిస్తుంది. మిడోడ్రిన్ అని ఇంకో మాత్ర ఉంది, రక్తనాళాలని బిగిస్తుంది, నాకు ఇప్పుడు స్కూలు ఉన్న రోజుల్లో పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి. వేసుకున్న అరగంటకి మాడు మీద చీమలు పాకినట్టు, రోమాలు నిక్కబొడుచుకున్నట్టు ఉంటుంది. మందు పనిచేస్తోందని అదే నాకు గుర్తు. వేసుకున్నాక నాలుగు గంటలు పడుకోకూడదు, పడుకుంటే బీపీ పైకి పోతుంది. ఇది ఒంట్లోంచి పోయేది కిడ్నీ ద్వారానే కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి చాలా తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ అనే మాత్ర అయితే పొటాషియం తగ్గిస్తుంది, మధ్యమధ్యలో రక్త పరీక్ష ఉండాలి. పిరిడోస్టిగ్మిన్ కండరాల జబ్బు మందు, మాకూ కొందరికి ఇస్తారు, కడుపులో నొప్పి, విరేచనాలు ముందే చెప్పాలి. వీటిలో ఏది ఎవరికి పడుతుందో వేసి చూస్తే తప్ప తెలియదు, అదీ నేను ఒప్పుకుంటాను. అందుకే ఒక్కసారి ఒక్క మందే మొదలుపెట్టండి. అన్నీ ఒకే చీటీ మీద రాస్తే ఏది మేలు చేసిందో ఏది కీడు చేసిందో మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఆఫ్ లేబుల్ అంటే దొంగచాటు పని అని ఎవరైనా అనుకుంటే, అది కాదు. పీసీఓడీ ఉన్న ఆడపిల్లలకి షుగర్ మందు మెట్‌ఫార్మిన్ రాయడం మీ అందరికీ తెలిసిందే. లెట్రోజోల్ రొమ్ము క్యాన్సర్ మందు, పిల్లలు లేనివాళ్ళకి వాడుతుంటే 2011లో మన కేంద్ర ప్రభుత్వం ఆ వాడకాన్ని నిషేధించింది, మళ్ళీ 2017లో ఆ నిషేధం ఎత్తేసింది. పాత మందులకి పేటెంటు అయిపోయాక కోట్లు పెట్టి కొత్త జబ్బుకి పరీక్షలు చేయించే కంపెనీ ఉండదు. ఇవాబ్రాడిన్ మీద 2021లో వచ్చిన ఒక మంచి పరీక్షలో ఉన్నది 22 మంది. ఇరవై రెండు. మా క్లాసులో ఒక బెంచీ వరస. కాబట్టి మీ చేతిలో ఉన్న రుజువు చిన్నదే, అది మీ తప్పు కాదు. ఆ చిన్న రుజువుతోనే మీరు మాకు సాయం చేయాలని చూస్తున్నారు, దానికి నాకు గౌరవం ఉంది. కానీ రుజువు చిన్నదైనప్పుడు మా ఇష్టం అడగడం ఇంకా అవసరం కదా. భరించేది మా ఒళ్ళు.

మీకు టైం లేదని తెలుసు. అందుకే ఒక రబ్బరు స్టాంపు చేయించమంటున్నాను, పలాసలోనూ శ్రీకాకుళంలోనూ స్టాంపులు చేసే కొట్లున్నాయి. అందులో ఇలా ఉంటే చాలు: ఈ మందు మొదట వేరే జబ్బు కోసం వచ్చింది, మీకు ఫలానా కారణానికి ఇస్తున్నాను, ఫలానాది జరిగితే ఆపి ఫోన్ చేయండి, ఫలానా తేదీకి రండి. ఖాళీలు మీరు పెన్నుతో నింపండి. షాపు తమ్ముడు అది చదివితే కత్తెర మధ్యలో ఆపడు. మా అమ్మ చదివితే బీరువాకి తాళం వేయదు. రాసే ముందు ఆయాసం ఉందా, పిల్లల కోసం చూస్తున్నారా, కిడ్నీ ఎలా ఉంది అని మూడు ప్రశ్నలు వేస్తే ఒక నిమిషం కూడా పట్టదు.

నాలాంటి జబ్బు ఉన్నవాళ్ళకి కూడా ఒక మాట. నా మందుల పేర్లు ఇక్కడ రాశాను కదా అని షాపుకెళ్ళి అడక్కండి. ప్రొప్రనాలాల్ నా పక్కింటి అక్కకి వరం, నన్ను ఊపిరాడకుండా చేసింది.

ఇంకొక్క విషయం, ఇది అన్నిటికంటే తొందరది. మా స్కూల్లో తొమ్మిదో క్లాసు చదివే ఒక గుంట ఈ నాలుగు నెలల్లో ప్రార్థనలో ఐదుసార్లు కూలబడింది. అన్నం తినకుండా వచ్చిందని ఒకరు, పరీక్షల భయమని ఒకరు, గాలి సోకిందని వాళ్ళ నాయనమ్మ. ఆ పిల్ల పొద్దున్న చద్దన్నం తిని వస్తుందని నాకు తెలుసు, అడిగాను. మొన్న పడినప్పుడు నేను పాదాలు చూశాను. ఆ రంగు నాకు తెలుసు. నేను డాక్టర్ని కాదు, అది రక్తం తక్కువ వల్లేమో, ఇంకేదైనానేమో, నాకు నిర్ణయించే హక్కు లేదు. మందు ఇవ్వమని కూడా అడగడం లేదు. వాళ్ళమ్మతో మాట్లాడాను, వచ్చే సోమవారం ఆ పిల్లని పీహెచ్‌సీకి తీసుకొస్తున్నాం. హిమోగ్లోబిన్ చూడండి. తర్వాత పది నిమిషాలు బల్ల మీద పడుకోబెట్టండి, పది నిమిషాలు నిలబెట్టండి, అంకెలు రాసి మా చేతికివ్వండి. పడిపోకుండా పక్కన పట్టుకోవడానికి నేనుంటాను, ఆ రోజుకి సెలవు పెట్టాను.